బండి ముచ్చట్లు: రేడియేటర్ కారుతున్నది, ఊరు చేరేదాక ఏం చెయ్యాలె?

ఎండలు ముదిరినయ్, ఉత్తరాలన్నీ బండి హీటెక్కుడు మీదనే వస్తున్నయ్. అందుకే ఈసారి బ్రేకులు, టైర్లు, మైలేజీ అన్నీ పక్కకు పెట్టి కారే రేడియేటర్ల ముచ్చటే మాట్లాడుకుందాం.

ప్రశ్న: అన్నా నమస్తే. మొన్న ఇంటిల్లిపాది మేడారం పొయ్యి వస్తుంటే పస్రా దాటినంక ఎర్ర లైటు వచ్చింది, పక్కకు ఆపి బానెట్ లేపి చూస్తే రేడియేటర్ పక్కన నల్ల ప్లాస్టిక్ ఉంటది కదా, దాని మూలకు సన్నగ పగిలి నీళ్లు చిమ్ముతున్నయ్. ఒకాయన ఆగి రెండు చెంచాల పసుపు పోస్తే బంద్ అయితది అన్నడు, ఇంకొకాయన ఎం-సీల్ పెట్టుమన్నడు, లారీ డ్రైవర్ ఒకాయన మూత సగం వదులుగ పెట్టుకొని మెల్లగ పో అన్నడు. మాకు ఏం సమజ్ కాక టో చేయించుకొని వచ్చినం. ఈ ముగ్గుర్ల ఎవరి మాట కరెక్టు? మళ్ల ఇట్లయితే ఏం చెయ్యాలె?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముగ్గురి మాటల్లో ఎంతోకొంత నిజముంది తమ్మీ, కాకపోతే ముగ్గుర్ల లారీ డ్రైవరే అసలు సంగతికి దగ్గరగ వచ్చిండు. పగులు మూసుడు రెండో పని, ఇంజన్ చల్లార్చుడు, లోపలి ప్రెషర్ తగ్గించుడు మొదటి పని. మనోళ్లు ఎప్పుడూ ఉల్టా చేస్తరు, బండి ఆగంగనే మూతకు చెయ్యేస్తరు.

ఆ మూత ఉత్త మూత కాదు, కుక్కర్ విజిల్ లెక్క ప్రెషర్ పట్టి ఉంచుతది. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసుంటది చూడు, అన్ని బార్ల ప్రెషర్ వచ్చేదాక అది తెరుచుకోదు. మామూలుగ నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతయ్, ఇంకో బార్ ప్రెషర్ ఎక్కిస్తే 120 దాక మరగవ్, ఆ లెక్క మీదనే ఇంజన్ నడుస్తది. ఇగ 110 డిగ్రీల నీళ్లున్నప్పుడు మూత తీసినవనుకో, ప్రెషర్ పోంగనే ఆ నీళ్లు ఒక్కసారే ఆవిరై పైకి ఎగజిమ్ముతయ్, మొహం, చేతులు బొబ్బలెక్కుతయ్. కొన్ని కార్లకు రేడియేటర్ మీద మూతే ఉండదు, పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బా మూతనే ప్రెషర్ మూత, అది ప్లాస్టిక్ డబ్బానే కదా అని తీస్తే గదే కథ.

అందుకని ఎర్ర లైటు రాంగనే ఏసీ బంద్ చెయ్యాలె, హీటర్ ఫుల్ పెట్టి బ్లోయర్ కూడ ఫుల్ తిప్పాలె. ఏప్రిల్ ఎండల హీటర్ ఏంది అనొద్దు, హీటర్ అంటే డాష్‌బోర్డ్ వెనక ఉండే ఇంకో చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంత అటు దిక్కు గుంజుతది, అద్దాలు దించుకొని ఓర్చుకోవాలె అంతే. ఇదంతా నీడ చూసి పక్కకు ఆపుకునేదాక చేసే పని, వేడి తగ్గుతదిలే అని ఇంకో ఊరు దాక లాగొద్దు. ఆపినంక బానెట్ లేపి అరగంట, నలభై నిమిషాలు వదిలెయ్యాలె. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకు, కొన్ని బండ్లకు తాళం తీసినంక కూడ ఎలక్ట్రిక్ ఫ్యాన్ దానంతట అదే తిరుగుతది. ఇంకో అలవాటు ఉంది మనకు, బాటిల్ల నీళ్లు తెచ్చి వేడి రేడియేటర్ మీద, ఇంజన్ మీద గుమ్మరిస్తరు, సల్లగైతదని. ఆ ప్లాస్టిక్, ఆ అల్యూమినియం వేడి మీదున్నప్పుడు సల్ల నీళ్లు పడితే ఉన్న పగులు పెద్దగైతది, లేని పగులు వస్తది.

పై హోస్ పైపును చేత్తో వత్తితే మెత్తగ ఉండి, మూత ముట్టుకుంటే చెయ్యి కాలకపోతే అప్పుడు మందం గుడ్డ వేసి కొంచెం తిప్పి ఆగాలె, సుయ్‌మని గాలి పోయినంక పూర్తిగ తియ్యాలె. ఇప్పుడు నీళ్లు పోసి ఎక్కడ కారుతుందో మంచిగ చూడు, ఎందుకంటే చానామందికి కారేది రేడియేటర్ కాదు, హోస్ పైపు క్లిప్ వదులై అక్కడ కారుతది, ఫ్యాన్ గాలికి నీళ్లు అంతట చిమ్మి రేడియేటరే పోయినట్టు కొడ్తది. క్లిప్ అయితే స్క్రూడ్రైవర్‌తోని బిగిస్తే అయిపాయె. పైపు కొస దగ్గర చీలితే, పైపు పొడవు సరిపోతదనుకుంటే ఆ చీలిన ముక్క కోసేసి మళ్ల ఎక్కించి బిగించొచ్చు. నడుమ చీలితే పైపు తుడిచి ఆరబెట్టి, పాత సైకిల్ ట్యూబ్‌ను సన్నగ చీల్చి, బాగ గుంజి గుంజి ఒకదాని మీద ఒకటి చుట్టి పైన బైండింగ్ వైరు బిగించు, పంక్చర్ షాపుల ట్యూబ్ ముక్క అడిగితే ఎవరన్నా ఇస్తరు. కరెంటోళ్ల నల్ల టేపు మాత్రం పనికిరాదు, తడికి, వేడికి జారిపోతది.

నీ లెక్క ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే ఎం-సీల్ పనిచేస్తది గని తడి మీద పెడితే కాదు. పగులు కన్నా కిందికి నీళ్లు దించాలె, ఆ జాగ గుడ్డతో తుడిచి పూర్తిగ ఆరనియ్యాలె, బ్లేడుతోనో గరుకు కాగితంతోనో గీకి గరుకు చెయ్యాలె, అప్పుడు రెండు ముద్దలు సమానం తీసుకొని ఒకటే రంగు వచ్చేదాక పిసికి పగులు చుట్టూ వేలెడంత వెడల్పు వత్తాలె. కనీసం గంట, రెండు గంటలైతే ఇంకా మంచిది, అంతసేపు ఆగకుంటే ఎంత పెట్టినా ఊడుతది. రోడ్డు మీద తొందరుంటే మెకానిక్‌లు ఇంకో పని చేస్తరు, పగులు మీద ఫెవిక్విక్ పోసి దాని మీద తినే సోడా చల్లుతరు, టక్కున గట్టిపడ్తది, అది గట్టిపడేటప్పుడు వేడి పుడ్తది, పొగ వస్తది, మొహం దూరం పెట్టాలె. సన్న పగులుకు పనికొస్తది. ఏది పెట్టినా ఆ నల్ల ట్యాంకు నైలాన్, వేడికి సాగుతది సల్లబడితే ముడుచుకుంటది, అతుకు దాంతోపాటు సాగదు, అందుకే ఎంత మంచిగ పెట్టినా కొద్దిరోజుల ముచ్చటే.

నడుమ జాలీల ఏదన్నా రాయి తగిలి ఒక సన్న గొట్టం కారితే ఇంకో ఉపాయముంది, ఆ గొట్టం చుట్టూ రెక్కలు నోస్ ప్లేయర్‌తోని పీకేసి, కారే జాగకు రెండు దిక్కులా గొట్టాన్ని మడిచి నొక్కి వత్తెయ్యాలె, ఆ కొసలకు ఎం-సీల్ అద్దాలె. ఒక్క గొట్టం బంద్ అయితే బండికి ఏం కాదు. చూసేటోళ్లకు రేడియేటర్‌ను పాడుచేస్తున్నట్టు కొడ్తది గని పసుపు పోసుడు కన్నా ఇది నూరుపాళ్లు నయం.

పసుపు ముచ్చటకు వస్తే, జీపులోళ్లు ఎప్పటి నుంచో పోస్తరు, పనిచేయదు అని నేను అనను. పసుపుల పిండి పదార్థం ఉంటది, వేడి నీళ్లల్ల ఉబ్బి సన్న రంధ్రం కాడికి పొయ్యి ఇరుక్కుంటది. కోడిగుడ్డు తెల్లసొన కూడ అంతే, లోపలి వేడికి ఉడికి గడ్డకట్టి అడ్డం పడ్తది. కానీ అది పగులు ఏదో మంచి గొట్టం ఏదో చూసి పోదు కదా. పాత జీపుల గొట్టాలు లావు, తట్టుకున్నయ్, ఇప్పటి కార్ల గొట్టాలు సన్నయి, హీటర్ గొట్టాలు ఇంకా సన్నయి, అవ్విటిని కూడ మూసేస్తది. నీ ట్యాంకు పగులు పొడుగ్గ ఉండి నీళ్లు చిమ్ముతున్నయ్ అంటున్నవ్, దానికి పసుపు డబ్బా మొత్తం పోసినా ఆగదు, సెనగపిండి పోసినా ఆగదు.

ఇగ లారీ డ్రైవర్ మాట. మూతను మొదటి గాటు దాకనే తిప్పి పెడితే ప్రెషర్ కట్టదు, ప్రెషర్ లేకుంటే పగులు లోంచి నీళ్లు చిమ్మవు, చుక్కలు చుక్కలుగనే కారుతయ్, అతుకు మీద కూడ బరువు పడదు. చల్లగున్నప్పుడే ఇట్ల పెట్టాలె. కాకపోతే ఇప్పుడు నీళ్లు 120 దాక ఆగవు, 100 కే మరుగుతయ్, కాబట్టి స్పీడు 40, 50 దాటొద్దు, లోడు గుంజొద్దు, హీటర్ ఆన్లనే ఉండాలె, ప్రతి ఐదారు కిలోమీటర్లకు ఆగి చూసుకోవాలె. మళ్ల నీళ్లు పోయాల్సి వస్తే అప్పుడు కూడ సల్లారేదాక ఆగుడే. చిన్న కార్ల మొత్తం పట్టేది మూడున్నర నుంచి ఐదు లీటర్లు, 20 లీటర్ల వాటర్ క్యాన్ ఒకటి వెనక పెట్టుకుంటే పస్రా నుంచి ములుగు దాక రావొచ్చు. ములుగు దాకనే అంటున్న, అక్కడి నుంచి మంచిగనే వస్తుంది కదా అని వరంగల్ దాక గుంజుడు కాదు.

హీట్ చూపిచ్చే ముల్లునో లైటునో నమ్ముకొని కూర్చోకు. నీళ్లు పూర్తిగ పోతే సెన్సార్ గాలిల ఉంటది, ఇంజన్ కాలుతున్నా అది సరిగ్గ చూపియ్యకపోవచ్చు. హీటర్ ఆన్ల ఉండంగ వేడి గాలి ఒక్కసారే సల్లగైతే లోపల నీళ్లు అయిపోయినట్టు, వెంటనే ఆపు. ఇప్పటి ఇంజన్ హెడ్ అల్యూమినియంది, ఎక్కువ హీటైతే వంగుతది, దాని కింద ఉండే ప్యాకింగ్ (గ్యాస్కెట్) కాలుతది, లేత్ షాపుల ఫేసింగ్ కొట్టిచ్చి, అంటే చదును చేయించి, పెట్టాలె. రేడియేటర్ మార్పిచ్చే ఖర్చుకు దానికి పొంతన లేదు. సల్లారినంక మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండ వస్తుంటే, సైలెన్సర్ లోంచి తెల్ల పొగ వదలకుండ వస్తుంటే, ఆయిల్ తెల్లబారి నురగగ ఉంటే ప్యాకింగ్ అప్పటికే పోయినట్టు, అప్పుడు ఏ అతుకూ వద్దు, స్టార్ట్ చెయ్యకు.

నువ్వు టో చేయించుకున్నది మంచి పనే, పిల్లజెల్లతోని అడవి రోడ్డు మీద ప్రయోగాలు ఎందుకు. ఆ రోడ్డు 163 నంబర్ నేషనల్ హైవే, నేషనల్ హైవేల మీద 1033 కు ఫోన్ చెయ్యొచ్చు. ఇన్సూరెన్స్ పాలసీల రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో కూడ ఒకసారి తిరగేసి చూడు, పైసలు కట్టి మర్చిపోయినోళ్లే ఎక్కువ.

ప్రశ్న: సార్, నాకు పికప్ బండి ఉంది, సీజన్ల మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు కొడ్త. రేడియేటర్ జాలీ కాడ తడి తడిగ ఉంటుంది, రోజూ అర లీటరు పోయాల్సి వస్తుంది. స్పేర్ పార్టుల షాపుల లీక్ బంద్ చేసే డబ్బా ఇచ్చిన్రు, పోస్తే రెండు రోజులు ఆగింది, మళ్ల మొదలైంది. ఇంకో డబ్బా పొయ్యాల్నా?
— ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: వద్దన్నా. ఆ డబ్బాల ఉండేది కూడ సన్న రేణువులు, పీచు, గమ్ము లాంటివే, పసుపుకు చదువుకున్న తమ్ముడు అనుకోండి. సన్న చెమ్మకు ఒక్కసారి పనిచేస్తది, డబ్బా పైన రాసినంతనే పోసి ఇంజన్ ఆన్ చేసి నీళ్లు తిరగనిస్తే. రేడియేటర్ పక్కన ఉండే నీళ్ల డబ్బాల పోస్తే చాలా బండ్లల్ల అది లోపలికి తిరగనే తిరగదు, రేడియేటర్లనే పొయ్యాలె. రెండో డబ్బా పోసిన్రంటే లీక్ ఆగినా ఆగకున్నా గొట్టాలు మాత్రం పూడుతయ్, బస్తాలేసుకొని ఎండల పోతుంటే బండి హీటెక్కుతది, అప్పుడు లీక్ లేదు కదా ఎందుకు హీటెక్కుతుంది అని ఇంకో ఉత్తరం రాస్తరు. సీజన్ల ఒక్క పూట బండి ఆగితే ఎంత నష్టమో నాకు తెలుసు, అయినా మార్కెట్ సెలవు రోజు చూసుకొని రేడియేటర్ వర్క్స్ కాడ ఇప్పియ్యుర్రి. విప్పినప్పుడు గాలి ప్రెషర్ పెట్టి నీళ్లల్ల ముంచి చూడమనుర్రి, బుడగ ఎక్కడ వస్తే అక్కడే లీక్. జాలీ ముందల పేరుకున్న దుమ్ము, పురుగులు, గడ్డి వెనక దిక్కు నుంచి నీళ్లతో కడిగియ్యుర్రి, మరీ ఫోర్సుగ కొడితే రెక్కలు పడుకుంటయ్. ఆ డబ్బా మందు మిగిలిందంతా ఫ్లష్ చేయించి, అంటే లోపలంతా కడిగిచ్చి, కొత్త కూలెంట్ (రేడియేటర్ నీళ్లల్ల కలిపే రంగు మందు) పోపియ్యుర్రి.

ప్రశ్న: అన్నగారూ, మా కార్ల ముందు సీటు కింద మ్యాట్ ఎప్పుడూ తడిగ ఉంటుంది, ఏసీ నీళ్లు అని మా ఆయన అంటరు. కానీ తియ్యటి వాసన వస్తుంది, పొద్దున అద్దం మీద జిడ్డు జిడ్డుగ మసక పడుతుంది. కూలెంట్ కూడ తగ్గుతుంది, కింద మాత్రం ఒక్క చుక్క కనపడదు.
— ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: చెల్లే, బావగారిది తప్పు, నీదే కరెక్టు. ఏసీ నీళ్లకు వాసన ఉండదు, జిడ్డు ఉండదు. తెల్ల టిష్యూ తీసుకొని మ్యాట్ మీద వత్తి చూడు, రంగు అంటుకొని వేళ్లకు జారుడుగ తగిలితే అది కూలెంటే. డాష్‌బోర్డ్ వెనక ఉండే హీటర్ రేడియేటర్ కారుతున్నది. దాన్ని మార్చాలంటే చాలా కార్లల్ల డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలె, కాబట్టి అప్పటిదాక మెకానిక్‌తోని ఒక పని చేయించు, ఇంజన్ నుంచి హీటర్‌కు పొయ్యే రెండు పైపులు ఉంటయ్, వాటిని హీటర్ కాడ ఊడదీసి నడుమ జాయింట్ ముక్క పెట్టి రెండింటిని ఒకదానికొకటి కలిపి క్లిప్పులు బిగిస్తరు. నీళ్లు హీటర్‌కు పోకుండ తిరిగి ఇంజన్‌కే పోతయ్, లీక్ బంద్. హీటర్ రాదు, మన దిక్కు డిసెంబర్ దాక దాని అవసరమూ లేదు. ఈ అతుకు ఒక్కటే నేను కొన్ని నెలలు నడిచినా ఫర్వాలేదు అని చెప్పగలిగేది. మ్యాట్ మాత్రం సబ్బుతోని కడిగి ఎండబెట్టు, చిన్నపిల్లల్ని, కుక్కల్ని దాని దగ్గరికి రానియ్యకు, కూలెంట్ల ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగ ఉంటది, విషం. పారబోసేటప్పుడు కూడ వాకిట్ల, మోరిల పొయ్యొద్దు.

ప్రశ్న: మా బాపు కాలం నాటి జీపు ఉంది, ఇత్తడి రేడియేటర్. కింది ట్యాంకు అతుకు కాడ కారుతుంది. అల్యూమినియంది కొత్తది వేయించుమంటున్నరు, మార్చాల్నా?
— ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: మార్చకుర్రి. రాగి గొట్టాలు, ఇత్తడి ట్యాంకులు ఉన్న రేడియేటర్‌కు మాటు పెడితే అది తాత్కాలికం కాదు, పూర్తి రిపేరే. పాత మాటు గీకేసి, శుభ్రం చేసి, మళ్ల మాటు పెడితే ఏండ్లకేండ్లు నడుస్తది. పెద్దమనిషి రేడియేటర్ షాపు ఎక్కడన్నా ఉంటే ఆయన కాడికే తోల్కపోవాలె, ఈ పని వచ్చినోళ్లు తగ్గిపోతున్నరు, కొత్త పిల్లలు సీదా మార్చుమంటరు. ఇంట్ల మీరే వెల్డింగ్ మంట పెట్టకుర్రి, ఒక అతుకు పెట్టబోతే పక్క అతుకులు కరుగుతయ్.

ప్రశ్న: రోడ్డు మీద నీళ్లే పోసుకొని వచ్చిన. ఇప్పుడు కూలెంట్ పోయాల్నా, మన దగ్గర మంచు పడదు కదా? పచ్చదా ఎర్రదా?
— ఒక పాఠకుడు, జనగామ

జవాబు: పొయ్యాలె. మంచు కోసం కాదు, మరిగే డిగ్రీ పెంచడానికి, తుప్పు ఆపడానికి. సగం కూలెంట్ సగం నీళ్లు కలిపితే మూత లేకున్నా దాదాపు 107, 108 దాక మరగదు. రంగు చూసి కొనకుర్రి, రంగుకు ఒక రూల్ ఏం లేదు, ఒక కంపెనీ పచ్చది ఇంకో కంపెనీ పచ్చది వేరే రకం కావొచ్చు, తప్పు రకాలు కలిస్తే లోపల గడ్డలు కట్టొచ్చు. బండి బుక్కుల ఏది రాస్తే అది. డబ్బా మీద రెడీ టు యూజ్ అని ఉంటే నీళ్లు కలపొద్దు, చిక్కటిదైతే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కలపాలె. మన బోరు నీళ్లు అసలే ఉప్పు, గిన్నెల అడుగున తెల్లగ పట్టేదే గొట్టాలల్ల కూడ పడ్తది.

ప్రశ్న: నీళ్లు దొరకని కాడ కూల్ డ్రింక్ పొయ్యొచ్చా? మా దోస్తు కల్లు కూడ పొయ్యొచ్చు అంటుండు, పందెం కట్టినం.
— ఒక విద్యార్థి, పరకాల

జవాబు: పందెం నీ దోస్తు ఓడిపోయిండు. కూల్ డ్రింకుల చక్కెర, యాసిడ్ ఉంటయ్, వేడికి చక్కెర మాడి పట్టుకుంటది, గ్యాసుకు నురగలేస్తది. కల్లుల పులిసే సరుకు, నురగ, అడుగున మడ్డి. కాలువ నీళ్లో చెరువు నీళ్లో దొరికితే తువ్వాల నాలుగు మడతలు పెట్టి వడగట్టి పోసుకో, ఊరు చేరినంక ఫ్లష్ కొట్టిచ్చుకో. అవి కూడ దొరక్కపోతే బండి బంద్ చేసి అక్కడనే పెట్టి ఎవరినన్నా లిఫ్ట్ అడిగి క్యాన్ తెచ్చుకో.